మాట లేని పాట

ఒక పాట మీకు బాగా నచ్చిందనుకోండి. "అందులో ఏం బాగుంది?" అని ఎవరైనా అడిగితే మీరేం చెబుతారు? "మాటలు బాగున్నాయి" అంటారు. లేకపోతే "పాడినవారి గొంతు బాగుంది" అంటారు. అయితే, మాటా లేకుండా, గొంతూ లేకుండా, వట్టి తీగా, వట్టి తోలూ, వట్టి గొట్టమూ మనిషిని ఏడిపించగలవు, నవ్వించగలవు, పడుకున్న ముసలివాణ్ణి లేపి గంతులు వేయించగలవు!

ఇది ఎలా సాధ్యం? ఈ సంగతి తెలుసుకోవటానికి మనం ముందుగా బొగ్గుగనుల ఊరైన గోలేటికి పోదాం, రండి.

గోలేటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలో ఉన్నది. సింగరేణి సంస్థవారి బెల్లంపల్లి ఏరియాకు ముఖ్య కార్యాలయం ఇక్కడి టౌన్‌షిప్పులోనే ఉన్నది. బాయి పని కోసం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు ఇలాంటి ఊళ్లలో కాపురాలు పెట్టారు. ఒక క్వార్టరులో తెలుగు వినిపిస్తే, మరొక దానిలో ఉర్దూయో హిందీయో వినిపిస్తుంది. ఊరు దాటి పడమటి కొండల వైపు పోతే గోండుగూడేలూ, కొలాంగూడేలూ వస్తాయి. అక్కడ గోండీ, కొలామీ, మరాఠీ వినవచ్చు. ఇన్ని భాషలవాళ్లు ఒకచోట చేరితే అందరికీ అర్థమయ్యేది ఏమున్నది? చప్పుడు ఉన్నది!

బొగ్గుగనుల ఊళ్లలో పెద్దవాళ్లను సైరను సంగతి అడిగి చూడండి. వేళకు సైరను మోగితే షిఫ్టు మారుతున్నదని ఊరంతటికీ తెలిసేది. అదే సైరను వేళకాని వేళ మోగితే, బాయిలో ఏం జరిగిందోనని ఇళ్లలో ఆడవాళ్ల గుండెలు దడదడలాడేవి. సైరను ఒక్క మాటైనా అనలేదు. అయినా విన్నవాళ్ల మనసు కదిలింది. డప్పు కూడా అంతే. మన పల్లెల్లో పెళ్లికి ఒక దరువు, జాతరకు ఒక దరువు, చావుకు ఒక దరువు. డప్పు అదే, పుల్లలూ అవే; దరువు మారేసరికి వింటున్నవాడి ముఖం మారిపోతుంది.

అయితే సైరనుకూ సంగీతానికీ ఒక భేదం ఉన్నది. సైరను వార్త చెబుతుంది. వార్త తెలిశాక దాన్ని మళ్లీ వినాలని ఎవరికీ ఉండదు. సంగీతం వార్త చెప్పదు. అయినా మళ్లీ మళ్లీ వినాలనిపిస్తుంది.

దీపావళి రోజుల్లో ఆ కొండల్లోని గోండుగూడేలలో దండారి పండుగ జరుగుతుంది. ఒక గూడెంవాళ్లు బృందంగా కదిలి మరొక గూడేనికి చుట్టాలుగా పోతారు. నెమలిఈకల పెద్ద కిరీటం పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని గుస్సాడీలు ఆడతారు. వాళ్ల ఆటను నడిపించేవి వాద్యాలు. డోలు ఉంటుంది, మట్టికుండకు తోలు బిగించిన గుమేల ఉంటుంది, వెట్టె అనే చిన్న వాద్యం ఉంటుంది, సన్నాయిని పోలిన పెప్రె ఉంటుంది, కొమ్ములాగా ఊదే కాలికోం ఉంటుంది. దూరాన పెప్రె వినిపించగానే గూడెంలోని పిల్లలు పరుగెత్తి వస్తారు. వాళ్లను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పిలిచింది పెప్రె. ఈ గుస్సాడి ఆటకు పేరు తెచ్చిన మార్లవాయి కనక రాజుగారికి 2021లో పద్మశ్రీ బిరుదు ఇచ్చారు. ఆయన ఎందరో యువకులకు ఆ ఆట నేర్పి, 2024లో కన్నుమూశారు.

గోండులకు తరతరాలుగా కథలు చెప్పేవారిని ప్రధాన్లంటారు. వాళ్ల చేతిలో కిక్రి అనే వాద్యం ఉంటుంది. దానికి మూడు తీగలు. దాన్ని ఫిడేలులాగా విల్లుతో వాయిస్తారు. ప్రధాను కథ పాడుతూ కాస్త ఆగుతాడు. అప్పుడు కిక్రి ఒక్కటే పలుకుతుంది. ఇంతవరకు కథలో జరిగినదంతా విన్నవాళ్ల మనసులో కుదురుకునేది అప్పుడే.

వాద్యం మనిషిని ఎలా కదిలిస్తుందో గోండుల పురాణకథ ఒకటి చాలా చక్కగా చెబుతుంది. స్టీఫెన్ హిస్లాప్ అనే ఆయన నాగపూరు ప్రాంతంలో ఈ కథను రాయించుకోగా, ఆయన పోయిన తరవాత 1866లో అది అచ్చయింది. ఆ కథ ఇది:

గోండుల ఆదిగురువు లింగో. ఆయనకు తోడుగా నలుగురు అన్నదమ్ములు అడవిలో ఉండేవారు. వేటాడిన మాంసం వండుకోవటానికి వాళ్లకు నిప్పు లేదు. ఆ అడవిలో రికడ్ గవడి అనే భయంకరుడైన ముసలివాడి దగ్గర మాత్రమే నిప్పు ఉన్నది. వాడు నెగడు పక్కనే పడుకుని నిద్రపోతున్నాడు. అన్నదమ్ములలో చిన్నవాడు మెల్లగా వెళ్లి ఒక కొరివి లాగాడు. నిప్పురవ్వ ఎగిరి ముసలివాడి మీద పడింది. వాడు ఉలిక్కిపడి లేచి, "నిన్ను లేత దోసకాయలా నమిలేస్తాను!" అన్నట్టు వెంటపడ్డాడు. కుర్రవాడు కొరివి పారేసి పారిపోయి వచ్చాడు.

అప్పుడు లింగో తానే బయలుదేరాడు. ఆయన కత్తి తీసుకుపోలేదు. దారిలో ఒక సొరకాయబుర్ర దొరికింది. దానికి వెదురు అమర్చి, వెంట్రుకలతో తీగలు కట్టి వాద్యం తయారుచేశాడు. ముసలివాడి ఇంటి దగ్గర చెట్టెక్కి కూచుని, తెల్లవారుతుండగా వాయించసాగాడు. ఆ నాదానికి చెట్లు ఊగటం మాని నిలిచిపోయాయట. ముసలివాడు లేచాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, వాయించేవాడు కనబడలేదు. వాడి కాళ్లు మాత్రం ఊరుకోలేదు, గంతులు వేయసాగాయి! ఈ సందడి విని వాడి ముసలి పెళ్లాం బయటికి వచ్చింది. ఆమె కూడా ఆడసాగింది. చివరకు లింగో చెట్టు దిగివచ్చి "మామా!" అని పలకరిస్తే, ముసలివాడు ఆయన చేతులు పట్టుకుని ఆదరించాడు.

చూశారా? దొంగతనం చెయ్యలేని పనిని తీగ చేసింది. లింగో ముసలివాడికి బుద్ధులు చెప్పలేదు, బతిమాలుకోలేదు. వాద్యం వాయించాడు, అంతే.

ఇది కథ. అయితే కథలోని ప్రశ్న నిజమైనదే: మాట లేని నాదం కాళ్లనూ, కళ్లనూ, గుండెనూ ఎలా పట్టుకుంటుంది? దీనికి మూడు కారణాలున్నాయి. మూడింటినీ మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు.

మొదటిది గొంతు. పక్కగదిలో మీ అమ్మ ఎవరితోనో మాట్లాడుతున్నది. గోడ అడ్డంగా ఉండటంచేత మాటలు తెలియవు. అయినా ఆమె కోపంగా ఉన్నదా, నవ్వుతూ ఉన్నదా, ఏడుస్తున్నదా అన్నది మీకు ఇట్టే తెలుస్తుంది. ఎలా తెలిసింది? దుఃఖంలో ఉన్న మనిషి గొంతు నెమ్మదిస్తుంది, కిందికి జారుతుంది, వణుకుతుంది. సంతోషంలో గొంతు పైకి లేస్తుంది, త్వరపడుతుంది. కోపంలో గట్టిపడుతుంది. వాద్యకారుడు చేసేదేమంటే, గొంతులోంచి మాటలను వడకట్టేసి, ఆ లేవటాన్నీ, జారటాన్నీ, వణకటాన్నీ మాత్రం తీసుకుంటాడు.

తీగ ఈ పని ఎలా చేస్తుందో చూడండి. ఖాళీ అగ్గిపెట్టె సొరుగుకో, చిన్న రేకుడబ్బాకో రబ్బరుబ్యాండు తగిలించి మీటండి. రబ్బరును ఇంకా సాగదీసి మీటండి. స్వరం పైకి పోతుంది. మధ్యలో వేలితో నొక్కి సగాన్నే మీటండి. అప్పుడూ స్వరం పైకి పోతుంది. బిగువు మారకుండా తీగను సరిగా సగం చేస్తే, అది సెకనుకు రెండింతలసార్లు ఊగుతుంది. కింది 'స' నుంచి పై 'స'కు ఉన్న దూరం అదే. వీణకు ఇరవైనాలుగు మెట్లుంటాయి. వాటిని మైనంలో నిలబెడతారు. ఒక మెట్టు మీద తీగను నొక్కి పక్కకు లాగితే బిగువు పెరిగి, స్వరం ఒకచోట నిలవకుండా పైకి జారుతుంది. ఇదే గమకం. ఫిడేలుకూ, కిక్రికీ మెట్లు లేవు. తీగ మీద వేలు జారితే స్వరమూ జారుతుంది. ఏడ్చే గొంతు జారినట్టే! అందుచేతనే ఈ వాద్యాలు వింటే "మనిషి పాడినట్టున్నది" అంటాం.

రెండవది నడక. మీ నాడి పట్టుకుని చూడండి. ఊరికే కూచున్నప్పుడు ఒక వేగం, పరుగెత్తి వచ్చాక మరొక వేగం. అలిసిపోయినవాడు కాళ్లీడుస్తూ నడుస్తాడు. సంతోషంగా ఉన్నవాడు గెంతుతాడు. డోలు మన నడకనూ మన గుండెనూ పోలిన దెబ్బలు కొడుతుంది. నాలుగు దెబ్బలు వినేసరికి అయిదవది ఎప్పుడు పడుతుందో మన ఒంటికి తెలిసిపోతుంది. కాలు దానంతటదే ఊగుతుంది. రికడ్ గవడి కాళ్లకు పట్టిన పిచ్చి ఇదే!

మూడవది ఎదురుచూపు. మీ స్నేహితుణ్ణి కూచోబెట్టి "స రి గ మ ప ద ని" అని స్వరాలు పాడి, చప్పున ఆపెయ్యండి. వాడు ఊరుకోలేడు. "స!" అని తానే పూర్తిచేస్తాడు, లేదా మనసులోనైనా అనుకుంటాడు. 'ని' దగ్గర ఆగితే గుమ్మంలో ఒక కాలు ఎత్తి నిలబడ్డట్టుంటుంది. మంచి వాద్యకారుడు మనల్ని ఇంటి గుమ్మందాకా తీసుకువచ్చి, వెనక్కు తిప్పి, మళ్లీ తీసుకువచ్చి, ఆఖరుకు లోపలికి పంపుతాడు. అప్పుడు కలిగే హాయి మామూలుది కాదు.

ఈ హాయిని శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. 2011లో కెనడా దేశపు మాంట్రియల్ నగరంలో వాలరీ సలింపూర్, రాబర్ట్ జటోర్ మొదలైనవారు ఒక పరిశోధన ప్రకటించారు. సంగీతం వింటే ఒళ్లు గగుర్పొడిచే మనుషులను ఎంచి, వారికి ఇష్టమైన సంగీతం వినిపించారు. మాటల ప్రభావం కలవకుండా పాటలు వదిలి, వాద్యసంగీతమే తీసుకున్నారు. ఒళ్లు గగుర్పొడిచే క్షణంలో మెదడులో డోపమైన్ అనే పదార్థం విడుదల అయింది. ఆకలిగా ఉన్నప్పుడు అన్నం తింటే కలిగే తృప్తికి కూడా ఈ పదార్థంతో సంబంధం ఉన్నది. అంతకన్నా విచిత్రమేమంటే, ఆ క్షణానికి కాస్త ముందే, అంటే "ఇదిగో, వస్తున్నది" అని ఎదురుచూసేటప్పుడే, మెదడులోని మరొక భాగంలో అది విడుదల కాసాగింది. ఎదురుచూపు కూడా ఆనందమేనన్నమాట!

మీకు ఒక సందేహం రావచ్చు. "మన సంగీతం మనకు అలవాటు కనక మనల్ని కదిలిస్తుంది, ఎన్నడూ వినని సంగీతం కదిలిస్తుందా?" అని. మంచి సందేహమే. ఆఫ్రికాలో కామెరూన్ దేశపు ఉత్తర కొండల్లో మఫా అనే జాతివారున్నారు. వారికి సొంత వేణువులున్నాయి, సొంత సంగీతం ఉన్నది. పాశ్చాత్య సంగీతం ఎన్నడూ వినని మఫాలకు కొందరు శాస్త్రజ్ఞులు పియానో వాద్యాన్ని వినిపించి, సంతోషంగా ఉన్న ముఖం, విచారంగా ఉన్న ముఖం, భయపడుతున్న ముఖం గల మూడు బొమ్మలు చూపారు. "ఈ సంగీతం ఏ ముఖానిది?" అని అడిగారు. గుడ్డిగా వేలు పెడితే తగిలేదానికన్నా ఎక్కువసార్లు వారు సరి అయిన బొమ్మనే చూపారు. ఇది 2009లో ప్రకటించారు. అయితే వారికి అన్నీ తగల్లేదు. అంటే ఏమిటి? సంగీతంలో కొంత భాగం మనిషిగా పుట్టిన ప్రతివాడికీ తెలుస్తుంది. మిగతాది సైరనులాగా, చావు దరువులాగా, ఆ ఊళ్లో పెరిగితేనే తెలుస్తుంది.

ఇక మన తెలుగువారి సంగతి చూద్దాం. ఒకప్పుడు మన కచేరీలలో ఫిడేలుకు పక్కవాద్యంగానే చోటుండేది. పాడేవారు మధ్యలో కూచుంటారు. ఫిడేలువారు పక్కన కూచుని వారిని అనుసరిస్తారు. పాడేవారు లేకుండా ఫిడేలు ఒక్కటీ వాయిస్తే రెండు మూడు గంటలసేపు జనం కూచుంటారా? కూచుంటారని నిరూపించినవారిలో ముఖ్యులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఆయన 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చూపు మందం కావటంచేత బడిచదువు సాగలేదు. అన్నగారి దగ్గర ఫిడేలు పట్టారు. విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరటానికి పోతే, ఆయన వాద్యం విని అధ్యాపకుడిగానే పెట్టుకున్నారని చెబుతారు. అది 1919 నాటి మాట. 1936లో ఆ కళాశాలకే ఆయన అధ్యక్షులయ్యారు. 1938లో వేలూరులో ఆయన ఫిడేలును ఒంటరిగా, ప్రధాన వాద్యంగా వాయించి కచేరీ చేశారు. కీర్తన వాయిస్తే, ఆ కీర్తన తెలిసినవాళ్లు మాటలను మనసులో అనుకోవచ్చు. కాని రాగాలాపనకు అసలు మాటలే లేవు. అందులో కూడా ఆయన జనాన్ని కట్టిపడేశారు. 1964లో ఆయన మరణించారు. పక్కన కూచున్న వాద్యం మధ్యలోకి రావటం చిన్న విషయం కాదు.

ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారు వీణకు కొత్త రచనలు చేశారు. 'భ్రమర విన్యాసం' అని ఒకటి, 'ఆదర్శ శిఖరారోహణం' అని ఒకటి. వాటి పేర్లే చెబుతున్నాయి చూడండి: ఒకదానిలో తుమ్మెద ఆట, ఒకదానిలో శిఖరం ఎక్కటం! ఆయన శిష్యుడు, కాకినాడలో 1936లో పుట్టిన చిట్టిబాబుగారు 'కొమ్మలో కోయిల' అని వాయించేవారు. వీణ తీగ మీద నిజంగా కోయిల కూసేది. కోయిల కూతకు అర్థం చెప్పమని మీరెప్పుడైనా కోయిలను అడిగారా? అడగలేదు. వీణను కూడా అడగనక్కరలేదు.

ఇప్పుడు మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. మాట సంగతి చెబుతుంది: ఎవరు పోయారు, ఎవరు వచ్చారు, ఎక్కడ, ఎప్పుడు. వాద్యం ఆ సంగతులేవీ చెప్పదు. అది భావాన్ని మాత్రమే ఇస్తుంది. సంగతిని వినేవాడు తన బతుకులోంచి తెచ్చుకుని అందులో పెట్టుకుంటాడు. విచారంగా ఉన్న ఒకే రాగాన్ని విని, ఒక పిల్లవాడు తప్పిపోయిన కుక్కపిల్లను తలుచుకుంటాడు. ఒక అవ్వ తన పుట్టిల్లు తలుచుకుంటుంది. రాత్రి షిఫ్టుకు పోయిన తండ్రిని తలుచుకుని ఒక అమ్మాయి తలుపు వైపు చూస్తుంది. ముగ్గురికీ కళ్లు చెమ్మగిల్లుతాయి. ముగ్గురి సంగతులూ వేరు. గోండీ రానివాడికి కిక్రి, తెలుగు రానివాడికి వీణ అర్థం కావటానికి కారణం ఇదే.

ఇది నిజమో కాదో పరీక్షించండి. ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూచుని వీణో, సన్నాయో, వేణువో అయిదు నిమిషాలు వినండి. ఎవరూ మాట్లాడకూడదు. తరవాత ఎవరికి వారు కాగితం మీద రెండు విషయాలు రాయండి: "నాకు ఎలా అనిపించింది?", "నాకు ఏం కనిపించింది?" కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి జవాబులు చాలావరకు కలుస్తాయి, రెండవవి కలవవు. పెద్దలు కూడా ఈ ఆటలో చేరాలి. పిల్లల కాగితాలు చదివితే, వాళ్లు నోటితో ఎన్నడూ చెప్పని సంగతులు కొన్ని తెలియవచ్చు.

చివరగా ఒక ముఖ్యమైన మాట. మాటలున్న పాటను పుస్తకంలో అచ్చువేసి దాచవచ్చు. వందేళ్ల తరవాత ఎవరైనా చదువుకోవచ్చు. వీణకూ, ఫిడేలుకూ కళాశాలలున్నాయి, గురువులున్నారు. కిక్రికి అటువంటివి లేవు. విల్లును ఎంత నొక్కాలో, వేలిని ఎంత జార్చాలో తండ్రి చేతిని చూసి కొడుకు నేర్చుకుంటాడు. కొడుకు నేర్చుకోకపోతే ఆ జారు అక్కడితో సరి. ఈ కాలంలో కిక్రి నేర్చుకునే పిల్లలు చాలా తక్కువమంది. రికార్డు చేసి దాచితే ధ్వని మిగులుతుంది గాని, చెయ్యి మిగలదు.

అందుచేత, ఈసారి దీపావళికి మీ దాపుల్లోకి దండారి వస్తే, నెమలిఈకల కిరీటాలను చూసి వచ్చెయ్యకండి. పెప్రె ఊదే తాత దగ్గరికీ, డోలు కొట్టే కాకా దగ్గరికీ పోయి, అడ్డం రాకుండా పక్కన కూచోండి. కిక్రి పట్టిన ప్రధాను కనిపిస్తే దణ్ణం పెట్టి, వాయించమని అడగండి. వాయించినంతసేపూ చప్పుడు చెయ్యక వినండి. తరవాత వాద్యం పేరేమిటో, దాన్ని దేనితో చేశారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి తెలుసుకోండి. మీరు గోండు పిల్లలో, ప్రధాన్ పిల్లలో అయితే మీకు ఇంకా సులువు. మీ ఇంట్లోనే తాతను అడగవచ్చు. "నాకు నేర్పుతావా?" అని కూడా అడగవచ్చు. తాత వెంటనే జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. ఆయన విల్లు తీసి మీ చేతికిస్తే అదే జవాబు.